పల్లపు జెట్

ఎల్ ఆల్తోలోకి నాకంటే ముందు
నా లారీ పొగ వెళ్ళింది.
నల్లగా, చిక్కగా, సిగ్గులేకుండా.

మొంతేరో నుంచి రెండు రోజుల దారి.
వెనక నూట ఎనభై అరటి గెలలు,
ముందు నేనూ, నా తలనొప్పీ.
ఆఖరి ఎత్తు మొదటి గేరులోనే ఎక్కింది బండి,
మలుపు మలుపుకీ ఆగి
మరిచిపోయిందేదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు.

ఫోర్తునాతా తార్కీ ముందు బానెట్ ఎత్తలేదు.
పొగగొట్టం దగ్గర వంగి వాసన చూసింది.
"కంబా," అంది
(పల్లపు వాళ్ళం కదా, ఇక్కడ మా పేరు అదే)
"నీ బండికి రోగం లేదు. అజీర్తి."

ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టింది.
కాటుక. రుద్దినా వదలని కాటుక.

"ఒక పాలు పెట్రోలు కాలడానికి
పద్నాలుగుముప్పావుకు రవ్వ తక్కువ గాలి కావాలి.
తూకంలో సుమా, కొలతలో కాదు."

నేను చుట్టూ చూశాను.
గాలికేం కరువు?
కప్పు మీద రేకుల్ని గలగలలాడిస్తోంది,
సంతలో ఎవరిదో టోపీని తరుముకుపోతోంది.

"అది వీచే గాలి," అంది.
"బరువున్న గాలి కింద మీ ఊళ్ళో ఉండిపోయింది.
ఇక్కడ గుక్క నిండుతుంది, తక్కెడ నిండదు.
కార్బ్యురేటర్‌కి ఆ సంగతి తెలీదు పాపం,
మీ ఊరి లెక్కనే వడ్డిస్తోంది."

మధ్యాహ్నం తిన్న దుంపల కూర
ఇంకా నా గొంతు దగ్గరే ఉంది.
చెప్పలేదు.
అడక్కుండానే కోకా ఆకు టీ చేతికిచ్చింది.

సీసా నిండా ఇత్తడి జెట్లు, ముక్కుపుడక శీలలంత.
ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి
ఒంటికంటితో చూసింది.
నూట ఇరవై తీసి నూట పది బిగించింది.
తేడా ఎంతంటే, ఒక వెంట్రుక.

కుర్రాడు విల్మార్ కొత్తగా కొన్న మీటర్
పొగగొట్టంలో దూర్చాడు.
అంకెలు కుదురులేని పిల్లల్లా గెంతి
చివరికి పద్నాలుగు దాటి నిలబడ్డాయి.
"సరిగ్గా ఉంది!" అన్నాడు.
ఆమె స్క్రూ డ్రైవర్ పిడి చెవికానించి విని
పావు చుట్టు వెనక్కి తిప్పింది.
"చదునులో సరిపోయేది చాలదురా.
బరువు లాగేవాడికి ఓ ముద్ద ఎక్కువే పెట్టాలి."

అలమరలో చిల్లుపడ్డ పిస్టన్ ఒకటి,
అందులో పెన్సిళ్ళు.
నేనటు చూడడం చూసింది.
"మా అన్న అనక్లేతోది. పెట్రోలు మిగిల్చాలని
జెట్ మరీ సన్నం చేశాడు.
ప్లగ్గు తెల్లగా, శుభ్రంగా ఉండేది, మురిసిపోయేవాడు.
నల్ల ప్లగ్గు నస పెడుతుంది, అంతే.
తెల్లది మాట్లాడకుండా చంపుతుంది."

పాత జెట్‌ని పత్రిక ముక్కలో పొట్లం కట్టి
నా జేబులో తనే వేసింది.
"దిగాక మార్చు. మర్చిపోతావు.
దిగేవాళ్ళందరూ మర్చిపోతారు."

మర్చిపోయాను.
వియ్యా తునారీ దగ్గరికొచ్చేసరికి వాన,
తడిసిన ఆకుల వాసన, ఊపిరి అడుగంటా అందుతోంది.
తలనొప్పి ఎక్కడ దిగిపోయిందో తెలీదు.
ఈల వేస్తున్నాను.
ఈల మధ్యలో వినపడింది,
డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు.

ఆపాను. చల్లారేదాకా ఆగాను.
బానెట్ కింద తల పెట్టి, వీపు వానకిచ్చి,
పొట్లం విప్పాను. సిరా చెమ్మగిల్లి
నా పల్లపు జెట్ మీద తలకిందులుగా
ఎవరిదో పెళ్ళి ప్రకటన అంటుకుంది.

బిగించాను. మోత తగ్గింది.
ఈ వెంట్రుకవాసి తక్కువది, ఆమె ఇచ్చింది,
తడి వేళ్ళలోంచి జారి బురదలో పడింది.

వచ్చే నెల మళ్ళీ ఎక్కాలి.
మోకాళ్ళ మీద కూర్చుని
బియ్యంలో రాయి ఏరినట్టు
బురదంతా గాలిస్తున్నాను.
దాటిపోతున్న బస్సువాడు హారన్ కొట్టి
ఏం పోయిందని అడిగాడు.
చెప్తే ఏం అర్థమవుతుంది వాడికి?
వాడిది డీజిల్.